కప్పని గొయ్యి

ధ్యాన భాగములు: నిర్గమకాండము 21:28-36, ద్వితీయోపదేశకాండము 22:8, మత్తయి 12:11-12



దేవుడు సీనాయి పర్వతముమీద పది ఆజ్ఞలను సెలవిచ్చినప్పుడు ఉరుములు మెరుపులు కలిగెను, పర్వతమంతయు పొగలు గ్రమ్మెను, ప్రజలు వణకుచు దూరముగా నిలిచిరి. ఇది నిర్గమకాండము 20వ అధ్యాయములోని సంగతి. ఒక పుట త్రిప్పి 21వ అధ్యాయమునకు వచ్చినచో అక్కడ ఎద్దులు, గాడిదలు, గోతులు కనబడుచున్నవి. మనలో అనేకులము ఈ భాగమును వేగముగా చదివి దాటిపోవుదుము. ఇవి పూర్వకాలపు పశువుల తగాదాలు, మనకేల అని తలంతుము. అయితే అగ్నిలోనుండి మాటలాడిన దేవుడే గోతిమీది మూతను గూర్చియు మాటలాడెను. మన ఆరాధనను చూచు కన్నులతోనే ఆయన మన పెరటిని కూడ చూచుచున్నాడు.

గోతిని గూర్చి ఆయన విధించిన న్యాయము ఇది. ఒకడు గొయ్యి త్రవ్వి మూయక విడిచెను, లేదా మూసియున్న దానిని తెరచి అట్లే వెళ్లిపోయెను. పొరుగువాని పశువు దానిలో పడి చచ్చెను. అప్పుడు గోతివాడు పశువు వెలను చెల్లింపవలెను. అతడు పగబట్టి ఈ పని చేసెనా అని ధర్మశాస్త్రము ఇక్కడ అడుగుట లేదు. గొయ్యి త్రవ్వుట తప్పని చెప్పుటయు లేదు. నీటికొరకో, ధాన్యము దాచుటకో త్రవ్వియుండవచ్చును. అతడు చేసిన పనికాదు, చేయక విడిచిన పనియే అతనిమీద నేరమాయెను.

కాబట్టి ఈ నెల మనము ఒక ప్రశ్నను గూర్చి ఆలోచింతము. మనకిక అక్కరలేదని విడిచిన వస్తువు వలన మరియొకనికి కీడు కలిగినచో, ఆ కీడు ఎవరిది? వస్తువు మన చేయి దాటగానే మన బాధ్యతయు దాటిపోవునా?

నాతాను ప్రవక్త దావీదు నొద్దకు వచ్చినప్పుడు దావీదు సంగతి ముందుగా ఎత్తలేదు. ఎక్కడిదో ఒక గొఱ్ఱెపిల్ల కథ చెప్పెను. ఇతరుని కథలో న్యాయము మనకు చక్కగా కనబడును. మన కథలో కన్నులు మసకబారును. అందుచేత మేమును ముందుగా ఒక దూరదేశపు సంగతి చెప్పి, తరువాత మన పొలిమేరలోనికి వచ్చెదము.

అమెరికా దేశములో కొందరు పాత బస్సును కొని దానిని ఇల్లుగా మార్చుకొందురు. బడిపిల్లలను మోసి మోసి అలసిన పసుపుపచ్చని బస్సులు, దూరప్రయాణములు చేసి మూలబడిన గ్రేహౌండు బస్సులు ఈ పనికి వచ్చును. కుర్చీలు పెరికివేసి, మంచము, పొయ్యి, నీళ్ల తొట్టి, స్నానపు గది అమర్చుకొందురు. ఉద్యోగము చాలించిన భార్యాభర్తలు కొందరు సంవత్సరములో కొన్ని నెలలు అందులోనే గడుపుదురు. ఇల్లు కొనలేని యౌవనులు కొందరు దానినే తమ నివాసము చేసికొందురు. అబ్రాహాము గుడారములలో నివసించెనని హెబ్రీ పత్రికలో చదువుచున్నాము. వీరిది చక్రములమీది గుడారము.

అట్టి ఇంటిలో ఫ్రిజ్జు చాల అవసరమైన వస్తువు. ఎడారిమధ్య నిలిచినప్పుడు పాలు, మాంసము, కొందరికి మందులుకూడ దానిమీదనే ఆధారపడియుండును. అయితే అడవిలోను ఎడారిలోను కరెంటు తీగ యుండదు. ఈ చిక్కును తీర్చునది నిప్పుతో చల్లబరచు ఒక విచిత్రమైన ఫ్రిజ్జు. 1922లో స్వీడను దేశమందలి స్టాక్‌హోములో బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అను ఇద్దరు యువ ఇంజనీరింగు విద్యార్థులు దీనిని కనుగొనిరి. ఉక్కు గొట్టములలో నీరు, అమోనియా, హైడ్రోజను వాయువు ఉంచి గట్టిగా మూసివేయుదురు. క్రింద చిన్న గ్యాసు మంట పెట్టుదురు. ఆ వేడికి అమోనియా నీటిని విడిచి పైకి పోయి, చల్లారి ద్రవమగును. ఆ ద్రవము హైడ్రోజనుతో కలిసి ఆవిరియగునప్పుడు పెట్టెలోని వేడిని లాగుకొనును. పిమ్మట అది తిరిగి నీటిలో కలియును. మోటారు లేదు, చప్పుడు లేదు. అయితే ఒక నియమమున్నది. అది చదునుగా నిలువవలెను. బస్సును వాలుగా నిలిపి బహుకాలము నడిపినచో లోపలి ద్రవము సరిగా పారక, మంట తగులు గొట్టము మితిమించి కాగి, కడకు పాడగును.

ఒకనాడు అట్లే పాడైనదనుకొందము. పాలు విరిగెను, మాంసము వాసన వేసెను. గొట్టము పగిలినచో అమోనియా ఘాటు ముక్కునకు తగులును, వెనుకవైపు పసుపుపచ్చని మరక కనబడును. అది గొట్టములు తుప్పు పట్టకుండ వేసిన సోడియం క్రోమేటు అను విషపదార్థము. బాగుచేయించుటయా, క్రొత్తది కొనుటయా? ఇది వారి మొదటి ప్రశ్న. మూసిన గొట్టములను దారిన పోవు మిస్త్రీ విప్పజాలడు. చల్లబరచు భాగము నంతటిని మార్చవలెను, లేనియెడల ఫ్రిజ్జునే మార్చవలెను. నేడు అనేకులు బ్యాటరీలతోను సూర్యరశ్మి పలకలతోను నడచు కంప్రెసరు ఫ్రిజ్జును పెట్టుకొనుచున్నారు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించుకొనునని మన ప్రభువు లూకా 14వ అధ్యాయములో చెప్పిన రీతిగా, వారు బ్యాటరీ బలము, స్థలము కొలత, చేతిలోని సొమ్ము లెక్కించుకొందురు. ఇందులో తప్పేమియు లేదు. గృహమును వివేకముతో నడుపుకొనుట విశ్వాసికి తగినదే.

రెండవ చిక్కు తలుపు నొద్ద వచ్చును. బస్సు తలుపు సన్నము, మెట్లు నిటారు. లోపలి గోడలు, అలమరలు కట్టకముందే ఎక్కించిన ఫ్రిజ్జు ఇప్పుడు తలుపు పట్టదు. కొందరు కిటికీని చట్రముతో సహా ఊడదీసి దానిని దింపవలసివచ్చును. లోపలికి వచ్చుట సులభము, బయటికి పోవుట ప్రయాసము. ఎట్టకేలకు పాతది దిగెను, క్రొత్తది ఎక్కెను. నీళ్లు చల్లబడెను, మనసును చల్లబడెను. బస్సు కదలుటకు సిద్ధముగా నున్నది.

అయితే రహదారి ప్రక్కన గడ్డిలో పాత ఫ్రిజ్జు నిలిచియున్నది. మన ప్రశ్న ఇక్కడనే ప్రారంభమగుచున్నది. క్రొత్తది కొనుట వారి ఇంటి సంగతి. పాతది ఎక్కడికి పోవుననునది పొరుగువాని సంగతి. ఆ పెట్టెలో మూడు గోతులు తెరచియున్నవి.

మొదటి గొయ్యి పసిబిడ్డలది. పూర్వపు ఫ్రిజ్జులకు బయట కొక్కెపు గడియ యుండెడిది. ఒకసారి పడెనా, లోపలినుండి త్రోసినను తెరుచుకొనెడిది కాదు. దాగుడుమూతలాడు పిల్లలు పెరటిలో పారవేసిన ఫ్రిజ్జులలో దూరి, తలుపు మూసుకొనిపోయి, ఊపిరాడక చనిపోయిరి. పెట్టె గోడలు దళసరివి గనుక వారి కేక బయటికి వినబడదు. తల్లులు ఊరంతయు వెదకుచుండగా బిడ్డ ఇంటి వెనుకనే యుండెను. ఇట్టి మరణములు అమెరికాలో అనేకములు జరిగినందున, ఇంటి ఫ్రిజ్జు తలుపు లోపలినుండి తెరువ వీలుగా నుండవలెనని 1956 ఆగస్టు 2న చట్టము చేసిరి. అది 1958 అక్టోబరు 30 నుండి తయారైన ఫ్రిజ్జులకు వర్తించెను. అందుచేతనే మన ఇండ్లలోని ఫ్రిజ్జు తలుపులకు కొక్కెము లేదు, అయస్కాంతపు పట్టీ యున్నది. ఆ పట్టీని చూచునప్పుడెల్ల, అది ఎందరు తల్లుల కన్నీటి ఫలమో తలంచుకొనుట మంచిది. అయితే బస్సు కదలునప్పుడు తలుపు తెరుచుకొని పాలు ఒలికిపోకుండ, మోటారు ఇండ్లలోని ఫ్రిజ్జులకు నేటికిని గడియ అమర్చుదురు. ప్రయాణములో మేలుచేయు ఆ గడియయే గడ్డిలో కీడుచేయగలదు. దీనికి విరుగుడు అయిదు నిమిషముల పని. మరలు విప్పి తలుపును ఊడదీయుటయే. గోతిమీద మూత వేయుమని మోషే ధర్మశాస్త్రము చెప్పెను. ఈ గోతికి మూత తీయుటయే మూత వేయుట.

రెండవ గొయ్యి కంటికి కనబడదు. కంప్రెసరుతో నడచు ఫ్రిజ్జులలో పూర్వము అమోనియా, సల్ఫరు డయాక్సైడు, మెథిలు క్లోరైడు అను వాయువులు వాడిరి. అవి ఇంటిలో కారినచో మనుష్యులకు ప్రాణాపాయము. ఈ అపాయమును తొలగింపగోరి థామస్ మిడ్జ్‌లీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తన తోటివారితో కలిసి 1928లో ఫ్రియాను అను వాయువును సిద్ధపరచెను. అది మండదు, పీల్చినవానిని చంపదు. లోకము సంతోషించి దానిని వాడుకొనెను. మిడ్జ్‌లీ 1944లో చనిపోయెను. ముప్పది సంవత్సరముల తరువాత, 1974లో, మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ అను ఇద్దరు ఆ జాతి వాయువులు ఆకాశమున పైకెక్కి, సూర్యుని తీక్షణ కిరణములనుండి భూమిని కాపాడు ఓజోను పొరను తినివేయునని తెలిపిరి. 1985లో దక్షిణ ధ్రువముమీద ఆ పొర మిక్కిలి పలుచనగుట బయటపడెను. 1987 సెప్టెంబరు 16న మాంట్రియలు నగరములో అనేక దేశములు కూడి, ఆ వాయువులను మానుటకు ఒడంబడిక చేసికొనిరి. మన దేశమును 1992లో అందులో చేరెను. అమెరికాలో 1992 జూలై 1 నుండి అట్టి వాయువులను తెలిసి గాలిలోనికి విడుచుట నేరమాయెను. కాబట్టి పాత ఫ్రిజ్జు గొట్టమును కత్తితో కోసి, రాగిని అమ్ముకొని, మిగిలినది పారవేయువాడు ఆకాశములో ఒక గొయ్యి తెరచుచున్నాడు. దానిలో పడువాడు అతని పొరుగువాడో, ఇంకను పుట్టని అతని మనుమడో చెప్పజాలము.

మూడవ గొయ్యి మాటలో నున్నది. పాడైనదని తెలిసియు, దానిని తుడిచి మెరుగుపెట్టి, బాగుగానే పనిచేయునని మరియొకనికి అమ్ముట. నిప్పుతో నడచు ఫ్రిజ్జు గొట్టము చీలి వాయువు కారినచో అగ్నిప్రమాదము కలుగవచ్చును. ఇట్టి లోపము కారణముగా 2006లో అమెరికాలో తొమ్మిది లక్షలకు పైగా ఫ్రిజ్జులను సరిచేయుటకై తయారుచేసిన వారే వెనుకకు పిలువవలసివచ్చెను. బస్సులో మంచము, పొయ్యి, ఫ్రిజ్జు అన్నియు ఒకే గదిలోనివి. రాత్రి అగ్ని పుట్టినచో నిద్రించువారికి దారి తక్కువ. అట్టి వస్తువును లోపము దాచి తక్కువ వెలకు ఇచ్చుట, కొన్నవాడు బీదవాడైనందున మేలు చేసినట్లు కనబడును. లేవీయకాండము 19వ అధ్యాయములో గ్రుడ్డివాని త్రోవలో అడ్డు వేయరాదని దేవుడు ఆజ్ఞాపించెను. ఒకని చూపు కన్నులలో పోవచ్చును, తెలియమిలోను పోవచ్చును. లోపము నెరుగక కొనువాడు ఆ వస్తువు విషయములో గ్రుడ్డివాడే.

ఇప్పుడు న్యాయమైన ఒక ఆక్షేపణకు జవాబు చెప్పవలెను. మనుష్యుడు ఎంతవరకని బాధ్యుడు కాగలడు? మన చేతినుండి పోయిన ప్రతి వస్తువును జీవితాంతము వెంబడించుట సాధ్యమా? ఫ్రియానును కనుగొనిన మిడ్జ్‌లీ, జరిగిన నష్టమంతటికి దోషియా?

దీనికి జవాబు అదే అధ్యాయములో, గోతికి కొంచెము పైన, పొడుచు ఎద్దును గూర్చిన న్యాయములో నున్నది. ఎన్నడును పొడువని ఎద్దు అకస్మాత్తుగా ఒకని పొడిచి చంపినచో, ఎద్దు చావవలెను గాని యజమానుడు నిర్దోషి. అయితే ఆ ఎద్దు పొడుచునదని మునుపే యజమానునికి తెలియజేయబడియుండగా, అతడు దానిని కట్టివేయక విడిచినచో యజమానుడును దోషియే. ఎద్దు ఒక్కటే, కొమ్ములు అవియే. మధ్య వచ్చినది తెలివి. దేవుని న్యాయము ఎంత సూటియైనదో చూడుడి. తెలియనివానిమీద ఆయన మోయరాని బరువు పెట్టడు. తెలిసినవానిని మాత్రము ఊరక విడువడు.

ఈ కొలతతో కొలిచినచో 1928లోని మిడ్జ్‌లీ తన ఫ్రియాను విషయములో పొడుచు ఎద్దును విడిచినవాడు కాడు. మనుష్యుల ప్రాణము కాపాడగోరి, నాటి తెలివినిబట్టి మంచిదని కనబడినదానిని చేసెను. 1974 తరువాతి వారమైన మనము ఆ మాట చెప్పుకొనజాలము. ఎద్దు పొడుచునని మనకు తెలియజేయబడెను. అట్లే మొదటిసారి ఫ్రిజ్జులో బిడ్డను పోగొట్టుకొనిన ఊరికి తెలియకపోవచ్చును. ఇప్పుడు తెలిసిన వారమైన మనము తలుపుతో సహా దానిని పెరటిలో విడిచినచో, మాకు తెలియదనుట దేవునియెదుట చెల్లదు. మేలైనది తెలిసియుండి చేయనివానికి అది పాపమని యాకోబు తన పత్రిక 4వ అధ్యాయము చివర వ్రాసెను. చేసిన పాపములనే మనము ఒప్పుకొనుచుందుము. చేయక విడిచినవి కప్పని గోతులవలె మన వెనుక మిగిలియుండును.

మరికొందరు, నేను దానిని అమ్మితిని, ఇప్పుడది నాది కాదు అందురు. గొయ్యి త్రవ్వినవాడును పొలమమ్మి పోవచ్చును. కాని తెలియజెప్పవలసినది చెప్పి, మూయవలసినది మూసి పోవుట అతని ధర్మము. ఇంకను కొందరు, బిడ్డను చూచుకొనవలసినది తల్లిదండ్రులు గదా అందురు. నిజమే. ఎద్దును కాచుకొనవలసినది దాని యజమానుడే. అయినను దేవుడు వెల చెల్లింపుమని ఆజ్ఞాపించినది గోతివానినే. ఇతరుని అజాగ్రత్త మన అజాగ్రత్తను కడిగివేయదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో దేవుడు ఇంకొక అడుగు ముందుకు వేసెను. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలెను. ఎవడైన పడి ప్రాణము పోయినచో రక్తాపరాధము ఆ ఇంటిమీదికి వచ్చును. ఇక్కడ ఇంకను ఎవడును పడలేదు. పడకముందే కట్టుమనెను. ప్రమాదమైన తరువాత ఏడ్చుట లోకమర్యాద. ప్రమాదమునకు ముందు గోడ కట్టుట ప్రేమ. ప్రేమ పొరుగువానికి కీడు చేయదని పౌలు రోమా పత్రిక 13వ అధ్యాయములో వ్రాసినప్పుడు, ఇట్టి గోడ కట్టు ప్రేమకూడ అందులో చేరియున్నది.

ఇక మన ప్రభువు నొద్దకు వత్తము. విశ్రాంతిదినమున ఊచచేయి గలవాడు సమాజమందిరములో నిలిచియుండగా, పరిసయ్యులు నేరము మోపుటకు పొంచియుండిరి. అప్పుడు ఆయన గొయ్యి సంగతియే ఎత్తెను. మీలో ఎవనికైనను ఒక గొఱ్ఱె యుండి అది విశ్రాంతిదినమున గుంటలో పడినచో పైకి తీయకుండునా అని అడిగి, గొఱ్ఱెకంటె మనుష్యుడు ఎంతో విలువైనవాడని చెప్పెను. నిర్గమకాండములోని గోతియొద్ద ఎద్దు వెల చెల్లించుటతో న్యాయము ముగిసినది. మత్తయి సువార్తలోని గోతియొద్ద ప్రభువే వంగి మనుష్యుని పైకెత్తుచున్నాడు. మనము పడిన గొయ్యి ఆయన త్రవ్వినది కాదు. అయినను దాని వెల ఆయనే సిలువమీద చెల్లించెను. మనము త్రవ్వని గోతిలో పడినవానినైనను తీయవలెనని ఆయన మాదిరి నేర్పుచుండగా, మనము త్రవ్విన గోతినే మూయకుండుట ఎట్లు తగును? జక్కయ్య రక్షణ పొందిన దినముననే, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి ఇత్తునని నిలువబడి చెప్పెను. కృప పొందినవాడు లెక్క తప్పించుకొనువాడు కాడు, లెక్క వెదకుకొని చెల్లించువాడు.

దూరదేశపు కథ ఇంతటితో చాలు. దానిలో తీర్పు తీర్చుట మనకు సులభమాయెను. నాతాను దావీదును తన వైపు చూచుకొనజేసిన రీతిగా, ఇప్పుడు మన ఊరివైపు చూచుకొందము.

మన పొలములలో బోరుబావులున్నవి. రైతు అప్పుచేసి బోరు వేయించెను. నీరు పడలేదు. అప్పులో కొంతైన తీరునని కేసింగు పైపును పైకి లాగి అమ్ముకొనెను. మిగిలినది జానెడు వెడల్పు గల రంధ్రము. దానిమీద ఒక సంచియో, ముళ్లకంపయో వేసి పోయెను. వాన పడెను, గడ్డి మొలచెను, రంధ్రము కనబడదు. ఆడుకొను బిడ్డ కాలుజారెను. తరువాతి సంగతి మన తెలుగునాట ఎన్నిసార్లు విన్నామో మీరెరుగుదురు. యంత్రములు వచ్చి ప్రక్కన గొయ్యి త్రవ్వును, గొట్టముతో గాలి పంపుదురు, తల్లి ఆ రంధ్రము నొద్ద కూర్చుండి బిడ్డను పేరుపెట్టి పిలుచును. మూడు వేల సంవత్సరములకు పైబడిన గోతి న్యాయము ఇక్కడ అక్షరాల మన పొలములో నిలిచియున్నది. సుప్రీంకోర్టువారు 2010లో దీనిని గూర్చి ఉత్తరువులిచ్చిరి. వాడుక మానిన బోరును అడుగునుండి నేలమట్టమువరకు మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చవలెను. త్రవ్వుచున్న బోరుచుట్టు కంచె వేయవలెను. వాడుకలోనున్న దాని చుట్టు సిమెంటు దిమ్మె కట్టవలెను. కోర్టు చెప్పకముందే మోషే చెప్పెను. మోషే చెప్పినదానిని క్రైస్తవుడు కోర్టుకంటె ముందుగా చేయవలసినది.

ఆ రైతును మేము నిందించుట లేదు. నీరు పడని బోరు ఒక సంసారమును ఎంత క్రుంగదీయునో మన సంఘములు ఎరుగును. అప్పులవాడు ఎదుట కూర్చుండగా బోరు పూడ్చుటకు మట్టి తోలించుమనుట కష్టము. అందుచేతనే ఇది ఒక్కని భారము కారాదు. ఒకరి భారములను ఒకరు భరింపవలెనని గలతీ పత్రిక 6వ అధ్యాయము మనకు నేర్పుచున్నది. సంఘములో పదిమంది యౌవనులు ఒక శనివారము ఉదయము గంపలు, పారలు పట్టుకొని పోయినచో, మధ్యాహ్నమునకు ఒక గొయ్యి మూయబడును. ఆ పూట వారు ప్రసంగము వినకపోవచ్చును గాని ప్రసంగమే చేసినవారగుదురు.

పురుగుమందు డబ్బాలను గూర్చియు ఒక మాట. ఖాళీ డబ్బా చక్కగా నున్నదని కడిగి నీళ్లకో నూనెకో ఇంటిలో పెట్టుకొను అలవాటు ఇంకను కొన్నిచోట్ల నున్నది. కాలువ గట్టున పారవేయు అలవాటు అంతకంటె ఎక్కువ. విషము కడుగుటతో పోవునని నమ్మరాదు. దానిని మరల వాడ వీలులేకుండ పగులగొట్టి, ఇండ్లకును నీటికిని దూరముగా పాతిపెట్టవలెను. తెగి వ్రేలాడు కరెంటు తీగ, గట్టు కూలిన పాతబావి, వీధిలో విరిగిన సీసా, వీటన్నిటి నొద్దను అదే ప్రశ్న నిలిచియున్నది.

ఫ్రిజ్జు నేడు మన పల్లెలలోనికిని వచ్చినది గనుక దానిని గూర్చియు చెప్పుదుము. పాతది మూలబడినప్పుడు తలుపు ఊడదీయకుండ పెరటిలోను, పశువుల కొట్టములోను విడువకుడి. కరెంటు లేకపోయినను, కొక్కెము లేకపోయినను, పసిబిడ్డకు అది క్షేమమైన స్థలము కాదు. పాత ఇనుప సామాను కొనువాడు వాకిట నిలిచి గొట్టము కోయబోయినచో వారింపుడి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములలో ఫ్రిజ్జు కూడ చేరియున్నది. తమ సరకు పాతబడిన తరువాత దానిని నమోదైన శుద్ధి కర్మాగారములకు చేర్పించు బాధ్యత తయారుచేయువారిమీద నున్నది. క్రొత్తది కొనునప్పుడే, పాతదానిని ఏమి చేయుదురని దుకాణదారుని అడుగుడి. నలుగురు అడిగినచో అయిదవవాడు అడుగకముందే అతడు జవాబు సిద్ధపరచుకొనును. మరియొకనికి అమ్మినచో లోపమును దాచక చెప్పుడి. రెండు వందలు తక్కువ వచ్చినను నిద్ర సరిగా పట్టును.

మనలో అనేకులము క్రొత్త వస్తువు వచ్చినప్పుడు పాస్టరుగారిని పిలిపించి ప్రార్థన చేయించుకొందుము. బండి కొనినను, బోరు వేసినను, ఇల్లు కట్టినను ప్రార్థన చేయుదుము. ఇది మంచి ఆచారము. అయితే పాతది ఇంటినుండి వెళ్లు దినమున ఎవరును ప్రార్థన చేయరు. వచ్చుదానికి స్తోత్రము చెప్పినట్లే, పోవుదానిని గూర్చి మెలకువ కలిగియుందము. ఈ నెలలో ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత, ఇంటివారందరు దీపము పట్టుకొని పెరటిలోనికి వెళ్లి, మా వలన ఎవరైన పడదగినది ఇక్కడ ఏమున్నదని చూచుకొనుడి. అది ఆ రాత్రి ఆరాధనలోని ఆఖరి భాగము కావచ్చును.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము పడిన గోతిలోనుండి నీ కుమారుని ద్వారా మమ్మును పైకి తీసితివి, నీకు స్తోత్రము. మేము తెరచి మరచినవాటిని మాకు జ్ఞాపకము చేయుము. తెలిసినదానిని చేయుటకు బలమును, ఒంటరిగా చేయలేనివానికి తోడుపడు మనసును మాకు దయచేయుము. మా వాకిట ఆడుకొను బిడ్డలను, మేము చూడని బిడ్డలను నీవు కాపాడుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.